అంకితము వేంకట నరసింగరావుగారు

జీవనోపాధికై గాక, తెలిసికొనవలెనను కోరికచేతనే ఒక శాస్త్రమును జీవితకాలమంతయు సేవించినవారు ఏ దేశమునందైనను కొలదిమందియే. ఆంధ్రదేశమున అట్టివారిలో ముందుగా స్మరింపదగినవారు విశాఖపట్టణ వాస్తవ్యులగు అంకితము వేంకట నరసింగరావుగారు. ఆ పట్టణమున మిసెస్ ఏ. వి. ఎన్. కళాశాల యను పేరుగల విద్యాలయము నేటికిని కలదు. వేలకొలది విద్యార్థులు ఆ మూడక్షరములను దినదినము ఉచ్చరించుచున్నారు. అవి అంకితము వేంకట నరసింగరావుగారి పేరిటి మొదటి అక్షరములనియు, ఆ కళాశాల వారి ధర్మపత్ని పేర వెలసినదనియు, ఆ గృహస్థుడు తన కాలమున ఖగోళశాస్త్రజ్ఞుడుగా సముద్రముల కావల సైతము పేరొందెననియు ఎరిగినవారు అరుదు. ఆంగ్ల పత్రికలలో వారి పేరు నర్సింగ్ రో యని అచ్చయ్యెడిది. అందుచేత పాత సంపుటములు తిరుగవేయు మనవారు కూడ ఆ పేరు ఒక తెలుగువానిదని గుర్తింపక దాటిపోవుదురు.

మన రాజోలి తుంగభద్ర యొడ్డున నున్నది. విశాఖపట్టణము తూర్పు సముద్రపు టొడ్డున నున్నది. రెంటికిని నడుమ ఎంతయో దూరము. అయినను రెండు చోట్లను కప్పిన ఆకాశ మొక్కటియే. ఈ రాత్రి విశాఖపట్టణమున నడినెత్తిమీదుగా పోవు నక్షత్రము, సుమారు 22 నిమిషములు గడచిన పిమ్మట మన యూరి మధ్యరేఖను దాటును. ఆ 22 నిమిషములను ఎట్లు కనుగొందురో, ఎందులకు కనుగొందురో తెలిసికొన్నచో నరసింగరావుగారి జీవితము మనకు సులభముగా బోధపడును.

ఈ కథ వారి మామగారితో ప్రారంభింపవలెను. గోడె వేంకట జగ్గారావుగారు విశాఖపట్టణ మండలమున సంపన్నులగు జమీందారులు. 1817వ సంవత్సరమున జన్మించిరి. యౌవనమున చెన్నపట్టణమునకు పోయి, అచ్చటి వేధశాలకు అధిపతిగానుండిన టేలరు దొరగారియొద్ద ఖగోళశాస్త్రము నభ్యసించిరి. నక్షత్రముల స్థానములను మిక్కిలి సూక్ష్మముగా కొలిచి పట్టికలుగా ప్రకటించినవారిలో టేలరు దొరగారు ప్రసిద్ధులు. అట్టి గురువునొద్ద నేర్చిన విద్యను జగ్గారావుగారు మరువలేదు. స్వస్థలమునకు తిరిగివచ్చి, 1840వ సంవత్సరమున తమ సొంత ధనముతో ఒక వేధశాలను స్థాపించిరి. అది నేడు డాబాగార్డెన్సు అని పిలువబడు ప్రాంతమున నుండెను.

జమీందారుల యిండ్లలో వినోదమునకై కొన్న వస్తువులు అనేకములుండును. కొన్నాళ్లకు వానిపై దుమ్ము పేరుకొనును. జగ్గారావుగారి దుర్భిణి అట్టిది కాలేదు. దానివలన ఊరికంతకు ఒక యుపయోగము కలుగునట్లు వారు ఏర్పాటు చేసిరి. విశాఖపట్టణపు రేవున సముద్రములోనికి చొచ్చియున్న డాల్ఫిన్స్ నోస్ అను కొండమీద ఒక ధ్వజస్తంభమును నిలిపించి, నిర్ణీతకాలమున ఒక జెండాను దింపించుచుండిరి. ఊరివారు ఆ జెండాను చూచి తమ గడియారములను సరిచేసికొనెడివారు. రేవునందలి ఓడలవారును అట్లే చేసెడివారు.

ఇది చిన్న విషయముగా తోచవచ్చును. 1906వ సంవత్సరమునకు పూర్వము హిందూదేశమంతటికి ఒకే కాలమానము లేదు. ఏ యూరికి ఆ యూరి కాలమే. ఓడ నడుపువాడు నడిసముద్రమున తానెచ్చట నున్నదియు తెలిసికొనుటకు సరియైన గడియారము ఆధారము. అందు 4 సెకనుల పొరపాటున్న యెడల, భూమధ్యరేఖ చెంత ఓడ స్థానము ఒక నాటికల్ మైలు తప్పును. నిమిషము తప్పినచో 15 మైళ్లు. చీకటి రాత్రి ఒడ్డున రాళ్లున్నచోట ఆ తప్పు ఎందరి ప్రాణములకు ముప్పో చెప్పనక్కరలేదు. ఇక ఆ కాలమును నిర్ణయించుట ఎట్లు? ఉత్తర దక్షిణములుగా మాత్రమే కదలునట్లు బిగించిన దుర్భిణిగుండా, పట్టికలలో స్థానము తెలిసిన నక్షత్రము ఊరి మధ్యరేఖను దాటు క్షణమును గుర్తింతురు. నక్షత్రము 23 గంటల 56 నిమిషముల 4 సెకనుల కొకమారు ఆ రేఖకు వచ్చును. ఆ క్రమము తప్పదు. కావున మనుష్యుడు చేసిన గడియారమును దానితో సరిచూడవచ్చును. మబ్బులేని రాత్రులలో మేలుకొని ఈ పని చేయువాడొక్కడున్నచో, ఊరివారందరు నిశ్చింతగా నిద్రపోవచ్చును.

1856వ సంవత్సరమున జగ్గారావుగారు పరలోకగతులైరి. అప్పటికి వారి వయస్సు 40 ఏండ్లయినను నిండలేదు. వేధశాల వయస్సు 16 ఏండ్లు. అది నిలుచునా, మూతపడునా యను ప్రశ్న అప్పుడు కలిగెను. భూములు పంటనిచ్చును, తోటలు ఫలములనిచ్చును. వేధశాల వ్యయమును మాత్రమే కోరును.

ఆ సమయమున దాని భారమును వహించినవారే వారి అల్లుడగు నరసింగరావుగారు. వీరు 1827వ సంవత్సరమున జన్మించినవారు, ప్రభుత్వోద్యోగమున నుండినవారు. ఆ యుద్యోగమును విడిచి, మామగారి యాస్తి వ్యవహారములతోపాటు వేధశాలను కూడ తమ చేతిలోనికి తీసికొనిరి. సర్కారు కొలువునకు మిక్కిలి గౌరవముండిన ఆ దినములలో దానిని వదలుకొనుట సామాన్యము కాదు. కుటుంబపు టాస్తిని చూచుకొనుటకు ఎవరైనను అట్లు చేయవచ్చును. కాని ఆస్తితోపాటు వచ్చిన దుర్భిణిని సైతము తమ బాధ్యతగా నెంచి, తరువాతి 36 సంవత్సరములును, అనగా తమ తుదిదినముల వరకును, విడువకుండుట నరసింగరావుగారి ప్రత్యేకత.

వారి నిత్యకృత్యములలో ఆశ్చర్యము గొలుపు సంగతులకంటె ఓర్పుతో చేయవలసిన పనులే ఎక్కువ. కాలనిర్ణయము ఒకటి; వాతావరణ పరిశీలనము రెండవది. గాలి యొత్తిడి, ఉష్ణము, వర్షపాతము మొదలగువానిని క్రమముగా గుర్తించి, ఆ ఫలితములను పుస్తకములుగా అచ్చువేయించిరి. బంగాళాఖాతపు తుపానులకు గురియగు తీరమున అట్టి లెక్కల విలువ ఒకనాటితో తెలియునది కాదు. ఒక్క దినపు అంకె యెవరికిని పనికిరాదు. పదియేండ్ల యంకెలు వరుసగా నున్నచో ఋతువుల నడక కనబడును. నడుమ కొన్ని దినములు మానినచో ఆ వరుసయే చెడును. ఈ మర్మము నెరిగినవాడే నిజమైన పరిశీలకుడు.

నరసింగరావుగారి కాలమున ఆకాశమునందు గొప్ప సంఘటనలు కొన్ని మన దేశమునకు కనబడునట్లు జరిగెను. అందు మొదటిది 1868 ఆగస్టు 18వ తేదీనాటి సూర్యగ్రహణము. చంద్రుని నిండు నీడ పడమటి తీరమునుండి తూర్పు తీరము వరకు దక్కను మీదుగా సాగిపోయెను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన గద్వాల సీమయు ఆ నీడ నడచిన బాటలోనిదే. ఆ యుదయమున ఇచ్చటి పొలములలో నుండినవారు పట్టపగలు చీకటి క్రమ్ముటను చూచియుందురు. ఆ చీకటిలో ఏమి పరిశీలింపవలెనో ముందుగానే తెలిసి సిద్ధముగా నుండినవారు గుంటూరునందును, మచిలీపట్టణమునందును దుర్భిణులతో వేచియుండిరి.

గుంటూరునకు ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ పండితుడు వచ్చెను. ఆంగ్ల ప్రభుత్వము పక్షమున టెనెంటు దొర అచ్చటికే వచ్చెను. చెన్నపట్టణ వేధశాలాధిపతి పోగ్సన్ దొర మచిలీపట్టణమున నుండెను. సూర్యబింబము పూర్తిగా మూయబడిన కొలది నిమిషములలో, దాని యంచున లేచు ఎఱ్ఱని జ్వాలల వెలుతురును వారు వర్ణపటదర్శినితో విడదీసి చూచిరి. ఆ జ్వాలలు మండుచున్న వాయువులని అప్పుడు తేలెను. వానియందు కనబడిన పసుపుపచ్చని గీత ఒకటి భూమిమీద తెలిసిన ఏ పదార్థమునకును సరిపోలేదు. తరువాత దానికి హీలియము అని పేరు పెట్టిరి. 1895వ సంవత్సరమున ర్యామ్సే పండితుడు దానిని భూమిమీద సైతము కనుగొనెను. ఒక నూతన పదార్థమునకు మొదటి జాడ తెలుగునేలమీద దొరకుట మనము మరువరాని విషయము.

విశాఖపట్టణము ఆ నీడబాటకు ఉత్తరముగా నున్నందున అచ్చట గ్రహణము సంపూర్ణము కాలేదు. అయినను నరసింగరావుగారు తమ వేధశాలనుండి దానిని పరిశీలించి విషయములను వ్రాసి ప్రకటించిరి. పెద్ద పండితులు గుంటూరున నుండగా పాక్షిక గ్రహణము చూచువాని పని యేమున్నదని తలపరాదు. చంద్రబింబము సూర్యబింబమును ఏ క్షణమున తాకినది, ఏ క్షణమున విడిచినది యను లెక్క ఎచ్చటినుండి వచ్చినను విలువగలదే. చంద్రుని గమనమునకు ముందుగా కట్టిన గణితము సరియో కాదో తేల్చునవి అట్టి లెక్కలే. అయితే ఆ లెక్కకు ప్రాణము సరియైన గడియారము. ఆ గడియారము నరసింగరావుగారి యొద్ద నుండెను.

ఆ సంవత్సరముననే నవంబరు 5వ తేదీని బుధగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడచెను. సూర్యుని వెడల్పులో సుమారు 200వ వంతు మాత్రమే యుండు ఆ నల్లని చుక్కను ఉత్త కంటితో చూడ శక్యము కాదు. దానిని సైతము వారు చూచి కాలములను గుర్తించిరి. 1872 జూన్ 6వ తేదీనాటి సూర్యగ్రహణమును గూర్చియు వ్రాసిరి. ఈ వ్రాతలు లండను నగరమందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీవారి పత్రికకు చేరుచుండెను. 1871వ సంవత్సరమున ఆ సభవారు నరసింగరావుగారిని తమ సభ్యునిగా ఎన్నుకొనిరి. హిందూదేశీయులలో ఆ గౌరవమును పొందిన మొదటివారిలో వీరొకరు. చెన్నపట్టణ వేధశాలయందు పనిచేసి, 1867వ సంవత్సరమున కాంతి మారు నక్షత్రము నొకదానిని కనుగొనిన చింతామణి రఘునాథాచార్యులవారు ఆ సభలో చేరినది అటుపిమ్మటనే. రఘునాథాచార్యులవారు జీతముగల వేధశాలోద్యోగి. నరసింగరావుగారు ఆ విద్యవలన ఒక కాసైనను ఆర్జింపనివారు.

ఇంతలో 1874వ సంవత్సరము సమీపించెను. ఆ డిసెంబరు 9వ తేదీని శుక్రగ్రహము సూర్యబింబమును దాటవలసియుండెను. ఇది మిక్కిలి అరుదైన సంఘటనము. అంతకు ముందు 1761, 1769 సంవత్సరములలో జరిగి, మరల 105 సంవత్సరములకు వచ్చెను. భూమిమీద దూరదూరముగా నున్న చోట్లనుండి ఈ దాటుటను చూచి కాలములను పోల్చినచో సూర్యుని దూరమును లెక్కకట్టవచ్చునని హేలీ పండితుడు 1716వ సంవత్సరముననే వివరించెను; 1742లో మరణించినందున దానిని తాను చూడనోచుకొనలేదు. లెజాంటిల్ అను ఫ్రెంచి పండితుడు 1761వ సంవత్సరమున ఊగు ఓడమీద నుండి కొలతలు తీయజాలక, తరువాతి దానికై 8 సంవత్సరములు తూర్పు దేశములలోనే వేచియుండి, తుదకు పుదుచ్చేరియందు మబ్బు క్రమ్ముటచే ఏమియు చూడలేకపోయెను. ఇన్ని యేండ్ల శ్రమ ఒక మబ్బుతునకచేత వ్యర్థమగు నవకాశము ప్రతి పరిశీలకునకును కలదు.

నరసింగరావుగారు ఈ దినమునకై తమ వేధశాలను బలపరచిరి. ఇంగ్లండు దేశమున యార్కు నగరమునందు కుక్ అను ప్రసిద్ధ శిల్పకారుని కార్యాలయమున చేసిన 6 అంగుళముల కటకముగల దుర్భిణిని తెప్పించి నిలిపిరి. నేటి వేధశాలల యద్దములతో పోల్చినచో అది చిన్నదే. అయినను మన కనుపాపకంటె కొన్ని వందల రెట్లు వెలుతురును గ్రహింపగలదు. దాని యిరుసు ధ్రువనక్షత్రపు దిక్కునకు చూపబడియుండును. భూమి గంటకు 15 భాగముల చొప్పున తిరుగుచుండుటచే, కదలక నిలిపిన దుర్భిణినుండి సూర్యచంద్రులు త్వరగా జారిపోవుదురు. ఇట్టి యిరుసుగల దుర్భిణిని ఆ వేగముననే త్రిప్పుచున్నచో, చూడబడు వస్తువు నిలిచినట్లే కనబడును.

డిసెంబరు 9వ తేదీ యుదయమున ప్రారంభమైన ఆ దాటుట నాలుగు గంటలకు పైగా సాగెను. సూర్యుని వెడల్పులో 30వ వంతుకంటె కొంచెము తక్కువగానుండు నల్లని గుండ్రని బింబము, ఒక యంచున ప్రవేశించి మరియొక యంచున వెడలిపోయెను. హిందూదేశమునుండి ఆద్యంతము చూడదగిన సంఘటనమగుటచే ఇచ్చటి లెక్కలకు విలువ యెక్కువ. నరసింగరావుగారు తాము చూచినదానిని క్షణముల లెక్కతో వ్రాసి లండనునకు పంపగా, అది సభవారి పత్రికలో ప్రకటింపబడెను.

ఇచ్చట సత్యమును దాచక చెప్పవలెను. ఆ సంవత్సరము ప్రపంచమంతట జరిగిన ప్రయత్నములు ఆశించినంత ఫలము నీయలేదు. శుక్రబింబము సూర్యుని యంచును లోపలనుండి విడుచు క్షణమున, రెంటికిని నడుమ నల్లని బొట్టువంటిదొకటి సాగినట్లు కనబడి, సరియైన క్షణమును గుర్తింపనీయదు. ప్రక్కప్రక్కన కూర్చుండిన యిరువురి లెక్కలలోనే కొన్ని సెకనుల తేడా వచ్చును. అయినను నాలుగు దాటుటల యందలి లెక్కలను చేర్చి పండితులు నిర్ణయించిన దూరము, నేడు తెలిసిన సుమారు 15 కోట్ల కిలోమీటర్లకు మిక్కిలి దగ్గరగా వచ్చెను. ఒక్కొక్కని పరిశీలనయందు దోషముండవచ్చును. వేయిమంది నిజాయితీతో వ్రాసినవి చేర్చినచో దోషములు సన్నగిలి సత్యము మిగులును. తమకు కనబడినది కనబడినట్లు వ్రాయుటయే అందు ప్రతివానికిని గల ధర్మము.

1892వ సంవత్సరమున నరసింగరావుగారు స్వర్గస్థులైరి. వారి తదనంతరమున వేధశాల కొంతకాలము నిలిచి, పిదప మూతపడెను. ఒకప్పుడు నక్షత్రములు కొలువబడిన చోట నేడు అంగళ్ల వీథులును, జనసమ్మర్దమును కలవు. ఇది విచారింపదగిన విషయమే. చెన్నపట్టణ వేధశాలయు 1786వ సంవత్సరమున పెట్రీ యను గృహస్థుని సొంత వేధశాలగానే పుట్టెను; కంపెనీవారు దానిని స్వీకరించినందున నిలిచి, తరువాత కొడైకనాలునకు చేరెను. మన హైదరాబాదునందు జఫర్ జంగు నవాబుగారు తమ ధనముతో తెప్పించిన 15 అంగుళముల దుర్భిణియు, వారి మరణానంతరము 1908వ సంవత్సరమున నిజాము ప్రభుత్వము స్వీకరించినందుననే నిజామియా వేధశాలగా వర్ధిల్లెను. ఒక్క గృహముపై నాధారపడిన విద్య ఆ గృహముతో పెరుగును, ఆ గృహముతో తరుగును. పదిమంది తమదిగా నెంచినదే తరములు దాటి నిలుచును. అయినను జగ్గారావు నరసింగరావుగారల శ్రమ నశింపలేదు. భవనము పోయినను అంకెలు మిగిలినవి. 1874వ సంవత్సరపు ఆ యుదయమున విశాఖపట్టణమందు వ్రాసిన క్షణములను నేడును ఎవరైనను తీసి చదువవచ్చును.

విద్యార్థులారా! ఈ చరిత్రమును చదివి, అట్టి సంపద మనకు లేదుగదా యని నిరాశ చెందవలదు. తుంగభద్ర యిసుకతిన్నెలపై చంద్రుడు లేని రాత్రి నిలిచి చూచినచో, గొప్ప నగరవాసులకు దుర్లభమైన ఆకాశము మీకు దొరకును. ఉత్త కంటికి ఆరు చుక్కలుగా నుండు కృత్తికలు చేతిలో పట్టు జంటదుర్భిణికి అనేకములగును. బృహస్పతి చెంత నాలుగు చంద్రులు చిన్న చిన్న చుక్కలుగా కనబడి రాత్రి రాత్రికి స్థానములు మారుచుందురు. అర్ధచంద్రుని వెలుగునీడల సరిహద్దున పర్వతములును గుంటలును స్పష్టపడును. శనిగ్రహపు వలయమునకు మాత్రము చిన్న దుర్భిణియైనను కావలెను. చూచినదానిని తేదీతో, గంటతో, స్థలముతో ఒక పుస్తకమున వ్రాసికొనుడు. మబ్బు పట్టిన రాత్రిని మబ్బు పట్టినదనియే వ్రాయుడు. సూర్యునివైపు దుర్భిణిని ఎన్నడును త్రిప్పరాదు. క్షణకాలము చూచినను కంటిచూపు శాశ్వతముగా పోవును. తగిన తెర బిగించి పెద్దలు చూపినప్పుడే దానిని చూడవలెను.

శుక్రుడు సూర్యబింబమును దాటుట 2004, 2012 సంవత్సరములలో మరల జరిగినది. ఇక 2117వ సంవత్సరము వరకు జరుగదు. దానిని చూచువారిలో పెక్కుమంది ఇంకను పుట్టలేదు. వారు పాత లెక్కలను వెదకునప్పుడు, విశాఖపట్టణమున జీతముకోరక మేలుకొనియుండిన తెలుగు గృహస్థుని లెక్కయు వారికి దొరకును.